కారణం లేని ఏడుపు

సూర్యాపేట మిషన్ బడిలో చరిత్ర చెప్పే లాజరు సారుకు ఒక పిచ్చి ఉండేది. ఫలానా రాజు ఫలానా యుద్ధం గెలిచాడని పిల్లలు గడగడా అప్పజెబితే ఆయనకు తృప్తి ఉండేది కాదు. ఆ రాజు చిన్నప్పుడు ఎవరి చేత దెబ్బలు తిన్నాడు, దేనికి భయపడేవాడు, ఎవర్ని చూసి కుళ్లుకునేవాడు అని అడిగేవాడు. పుస్తకంలో లేని సంగతి పిల్లలు ఎక్కణ్నుంచి తెస్తారు పాపం? వాళ్లు బిక్కమొహాలు వేస్తే, "చరిత్ర కోటల్లో జరగలేదురా, మనసుల్లో జరిగింది" అని జవాబు తనే చెప్పి, తనే మురిసిపోయేవాడు.

ఈ పిచ్చి గుంటూరులో బి.ఏ. చదివేటప్పుడు పట్టుకుంది. బావులు తవ్వే మత్తయ్య కొడుకు అంత దూరం పోయి చదివి, కళ్లజోడు పెట్టుకుని తిరిగొచ్చాడంటే వాడలో అందరికీ గొప్పే. లాజరుకు మరీ గొప్ప. తండ్రి పోయాక తల్లి అన్నమ్మతో ఉంటూ, బడి అయ్యాక ఒక పుస్తకం రాసే పనిలో పడ్డాడు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో రజాకార్లు, సంఘం దళాలు, ఆ తర్వాత మిలట్రీ, ఇవన్నీ కళ్లముందే జరిగాయి. ఎవరు ఎవర్ని కాల్చారో రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నిన్నటిదాకా దొరకు దండం పెట్టిన చెయ్యి ఇవాళ ఎందుకు కర్ర పట్టింది, రేపు ఎందుకు వదిలేస్తుంది, అది రాసేవాణ్ని నేనొక్కణ్నే అని లాజరు నమ్మకం.

ఆ నమ్మకంతో పాటు ఒక నియమం కూడా పెట్టుకున్నాడు. ఎవర్నీ ఏమీ అడగకూడదు. మనిషి తన మనసు గురించి తాను చెప్పుకునేదంతా పైపై మాట, అసలు కారణం వాడికే తెలియదు, కాబట్టి దూరంగా నిలబడి చూసి మనమే పట్టుకోవాలి అంటాడు. మీరూ నేనూ అయితే ఎదుటివాడు ఏడుస్తుంటే ఎందుకమ్మా అని అడుగుతాం. చదువుకున్న లాజరు అడగడు. ఈ కథలో జరిగిన అనర్థమంతా ఆ ఒక్క నియమంలోంచే పుట్టింది.

రజాకార్లు తండా తగలబెట్టిన ఏడు మోతీబాయి అనే లంబాడా మనిషి, ఐదేళ్ల కూతురు తారాను చెయ్యి పట్టుకుని సూర్యాపేటకు వచ్చింది. మట్టి మోసే పనిలో దొరికిన పరిచయంతో అన్నమ్మ ఆమెను ఇంటికి తెచ్చి, వెనక పంచలో చోటిచ్చింది. మొదట్లో మోతీబాయి లాజరు కనబడితే చాలు, తలమీది గుడ్డ మొహం మీదికి లాక్కునేది. పరాయి మగవాడి ముందు వాళ్ల పద్ధతి అది. 'సారూ' అని తప్ప పిలిచేది కాదు. ఆ చలికాలం లాజరుకు జ్వరం ముదిరి, అన్నమ్మ ఊళ్లో లేని రోజుల్లో, గంజి కాచి పోసి, తల కింద చెయ్యి పెట్టి లేపి కూర్చోబెట్టింది మోతీబాయే. జ్వరం తగ్గి కళ్లు తెరిచేసరికి ఆమె మొహం మీద ముసుగు లేదు. "లేసినవా భియా" అంది. వాళ్ల మాటలో భియా అంటే అన్న. ఆ రోజు నుంచి అన్నమ్మ ఆమెకు 'యాడి', అంటే అమ్మ. లాజరు తారాకు మామ.

మిలట్రీ వచ్చి రజాకార్ల పీడ విరగడయ్యాక, మోతీబాయి మిర్యాలగూడ అవతలి తన తండాకు వెళ్లిపోయింది. వెళ్లేముందు బడికి వచ్చి లాజరును పక్కకు పిలిచి ఒకే ఒక్క మాట అడిగింది. ఆమె తమ్ముడు ధన్‌సింగ్ దళంలో ఉన్నాడు. మిలట్రీ ఇప్పుడు దళాల వెంట పడింది.

"నా తమ్ముని పేరు యాడ అనకు భియా. నీకు తప్ప ఎవలకు సెప్పలే."

"పాణం పోయినా అనను మోతీ" అన్నాడు లాజరు. నిజం చెప్పాలంటే, చివరిదాకా అనలేదు కూడా. ధన్‌సింగ్ పేరు అతని నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

మరుసటేడు ఎండాకాలం సెలవుల్లో ఒక పొద్దున లాజరు బతాసాలు, తారాకు పరికిణీ గుడ్డ పట్టుకుని తండాకు బయల్దేరాడు. అప్పుడప్పుడూ వెళ్తూనే ఉండేవాడు. మిర్యాలగూడలో బస్సు దిగి, వాగు దాటి, తండా ఇంకా కనబడకముందే ఏడుపు విన్నాడు. ఒకరిది కాదు, నలుగురైదుగురు ఆడవాళ్లది. ఒకామె రాగం తీసి ఏదో చెప్పుకుంటూ ఏడుస్తుంది, ఆమె ఆగగానే ఇంకొకామె అందుకుంటుంది. ఎవరో పోయారనుకున్నాడు లాజరు. గబగబా నడిచాడు.

తీరా చూస్తే చావు లేదు, డప్పు లేదు. మగవాళ్లు తుమ్మచెట్టు కింద కూర్చుని తాళ్లు పేనుతున్నారు. ఏడుపు మోతీబాయి గుడిసెలోంచి వస్తోంది. కాసేపటికి ఆడవాళ్లు ఒక్కొక్కరే కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. తుడుచుకుంటూనే నవ్వుతున్నారు. ఒకామె తిరగలి ముందు కూర్చుంది. ఒకామె మేకపోతును పట్టుకోమని మగవాళ్లను కేకేసింది. చివర్న మోతీబాయి వచ్చింది. లాజరును చూసి ఉలిక్కిపడి, గుడిసె తడికను చేత్తో మూసేసింది.

"ఎప్పుడొచ్చినవ్ భియా?"

లోపల ఎవరో దగ్గారు.

"తండల ఓ ముసలాయనకు బాగలేదు" అంది మోతీబాయి, అడగకుండానే. ఎప్పుడూ గుడిసెలో కూర్చోబెట్టి రొట్టె పెట్టే మనిషి ఆ రోజు చెట్టు కిందే పెట్టింది. తారాను గుడిసె వైపు పోనివ్వలేదు.

ఎర్రబడ్డ కళ్లు, నవ్వు మొహాలు, మేక, తడిక, దగ్గు, అన్నీ వరసగా కళ్లముందు పెట్టినట్టే ఉన్నాయి. లాజరు బడిలో ఐదో తరగతి పిల్లవాడైనా 'లోపల ఎవరున్నారు' అని అడిగేవాడు. లాజరు అడగలేదు. ఆ ఏడుపే అతని తలలో తిరుగుతోంది. చావు లేకుండా ఏడుపు! ఏడ్చిన వెంటనే విందు! తిరుగు బస్సులో కూర్చునేసరికి సిద్ధాంతం తయారైపోయింది.

ఆ ఆదివారమే కోదాడ గ్రంథాలయంలో అతని ఉపన్యాసం. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. జనం బాగానే వచ్చారు. ఒక్క మనిషి ఏం చేస్తాడో దేవుడికి కూడా తెలియదుగానీ, వెయ్యి మంది కలిస్తే ఏం చేస్తారో వరద నీటిని లెక్కగట్టినట్టు లెక్కగట్టవచ్చన్నాడు. వాళ్ల భయాలు, ఏడుపులు, నవ్వులు తెలిస్తే చాలన్నాడు. ఉదాహరణకు ఆ తండా సంగతి ఎత్తుకున్నాడు. ఊరి పేరు చెప్పలేదు. మాట ఇచ్చిన మనిషి కదా, జాగ్రత్తపడ్డాడు.

"పీనుగ లేదు, అయినా ఆడవాళ్లంతా ఏడ్చారు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, నవ్వుతూ మేకను కోశారు. ఇది కారణం లేని ఏడుపు. ఇళ్లు కాలి, పోరాడి, అలిసిపోయిన ఒక జనం మనసు విరిగిపోయిన చప్పుడు ఇది. విరిగిన మనసు మళ్లీ కర్ర పట్టదు. ఈ ప్రాంతంలో పోరాటం ఇక ముగుస్తుందని నేను ఈ ఏడుపును బట్టి చెబుతున్నాను."

చప్పట్లు మోగాయి. ఆ ఊపులో జేబులోంచి తాను రాసిన కథ కూడా తీసి చదివాడు. వెయ్యేళ్ల తర్వాత జరిగే కథ. చంద్రుడి మీద పట్నాలు వెలుస్తాయి. ఎత్తయిన గోపురంలో ఒక ముసలి పండితుడు కూర్చుని, తీగల గుండా పట్నాలన్నిటి నవ్వులూ ఏడుపులూ వింటూ, ఎక్కడ తిరుగుబాటు లేవబోతోందో రాజుకు ముందే చెబుతుంటాడు. అతని లెక్క ఒక్కసారీ తప్పదు. పండితుడి జ్ఞానానికి రాజు తలవంచడంతో కథ అయిపోతుంది.

సభ అయ్యాక గురవయ్య అనే వడ్ల వ్యాపారి లాజరును వదలకుండా పట్టుకుని హోటలుకు తీసుకెళ్లి చాయ్ ఇప్పించాడు. నలభై దాటిన మనిషి, తండాలన్నీ తిరిగినవాడు. నెమ్మదిగా మాట్లాడతాడు.

"ఏమనుకోవద్దండీ, ఆ తండా నిజంగా ఉందా? ఉపన్యాసం రక్తి కట్టడానికి కల్పించారా?"

కల్పించారా అనేసరికి లాజరుకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. పండితుణ్ని పట్టుకుని కల్పించావా అంటే ఊరుకుంటాడా?

"కల్పించడమేందండీ! నా కళ్లతో చూసిన. మొన్న శుక్రవారం. మిర్యాలగూడ దాటినంక, వాగు అవతల ఒడ్డు మీద తండా. కావాలంటే పోయి చూసుకోండి."

"అబ్బే, మీ మాట చాలండీ" అన్నాడు గురవయ్య. చాయ్ మధ్యలో వదిలేసి లేచాడు. ఆ సంగతి లాజరు గమనించనేలేదు. మనసులు చదివే మనిషి!

వారం తిరగకముందే గురవయ్య మామిడిపళ్ల గంప ఎత్తించుకుని సూర్యాపేటకు, నేరుగా లాజరు ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. అతని మొహంలో సంతోషం లేదు, చాలాకాలం మోసిన బరువు దించుకున్నవాడి అలసట ఉంది.

"మీ రుణం తీర్చుకోలేనండీ. మా బావను చంపిన దళంలోవాడు దొరికాడు. రెండేళ్లుగా మా అక్క మొహం చూడలేకపోతున్నాను."

"ఎవరు? నేనేం చేసిన?"

"ధన్‌సింగని. ఆ తండావాడే. అడివిలో చలిజ్వరం పట్టుకుని అక్కింటికొచ్చి పడుకున్నాడు. మీరు ఏడుపు సంగతి చెప్పంగానే నాకు అర్థమైపోయింది. వాళ్ల ఆడవాళ్లు అయినవాళ్లు చాన్నాళ్లకు వస్తే మెడ పట్టుకుని రాగం తీసి ఏడుస్తారండీ. ఇన్నాళ్లూ ఏం జరిగిందో అంతా ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. ఆ తర్వాత మేకను కోసి పెడతారు. చావుకు కాదు, రాకకు. రెండేళ్ల నుంచి ఇంటికి రానివాడు ఎవడా అని ఆలోచించాను. మిలట్రీ క్యాంపులో చెప్పాను. తెల్లారేసరికి చుట్టుముట్టారు. వాగులోకి ఉరికితే కాల్చేశారంట."

లాజరు అరుగు గోడను పట్టుకున్నాడు.

"మీ కథలో ఆ ముసలాయన చెప్పింది విని రాజు ఏం చేశాడో మీరు రాయలేదు గదండీ" అన్నాడు గురవయ్య, ఎగతాళిగా కాదు, ఏదో గుర్తొచ్చినట్టు. "క్యాంపు ఆఫీసరుగారు మిమ్మల్ని ఓసారి రమ్మంటున్నారు. ఇట్లాంటి ఉపన్యాసం అక్కడ కూడా ఇవ్వాలంట."

అతను వెళ్లిపోయాక అన్నమ్మ లోపలి నుంచి వచ్చింది. అంతా విన్నదని ఆమె మొహమే చెబుతోంది.

"మోతి తండకు పోయేనాడు నా మెడ వట్టుకొని గట్లనే పాట పాడుకుంట ఏడ్సింది. నువ్వు బడికెంచి రాంగనే సెప్పిన. 'నాకు పనుంది అవ్వా' అన్నవ్. యాదికున్నదా?"

యాదికి లేదు. ఇప్పుడు వచ్చింది. తల్లి కళ్లలోకి చూడలేక గంప వైపు చూశాడు. పళ్ల వాసన ఇల్లంతా నిండిపోయింది. గంపను ఎత్తుకుపోయి, కంటికి కనబడకుండా వెనక పంచలో పెట్టాడు. మోతీబాయి పడుకునే పంచ అది.

ఆ రోజు నుంచి లాజరు సిగ్గుతో చచ్చిపోయాడంటే అది మామూలుగా అనే మాట కాదు. అద్దంలో చూసుకుని గడ్డం గీసుకోవడం మానేశాడు. బజార్లో ఎవరైనా 'ఉపన్యాసం బాగుందట సారూ' అంటే పక్క సందులోకి తిరిగేవాడు. అయినా చదువుకున్నవాడు కదా, సిగ్గును కూడా ఊరికే వదలడు. దానికీ ఒక సిద్ధాంతం కట్టబోయాడు. చరిత్రను నడిపేది సమూహాలు, ఒక్క నోటి మాట లెక్కలోది కాదు. ధన్‌సింగ్ ఇవాళ కాకపోతే రేపైనా దొరికేవాడే. గురవయ్యకు పగ ఉంది, క్యాంపుకు తుపాకులు ఉన్నాయి, మధ్యలో తానెవడు? ఇలా రెండు కాగితాలు రాసి, చదువుకుని, పొయ్యిలో పెట్టాడు. అందులో ప్రతి వాక్యం సరిగ్గానే ఉంది. అదే అతనికి అసహ్యం పుట్టించింది.

కట్టెలు అమ్ముకోవడానికి సూర్యాపేటకు వచ్చిన గోప్యా అనే తండా మనిషి బడి గేటు దగ్గర నిలబడి కబురు చెప్పాడు.

"మోతక్క అడగమన్నది సారూ. తమ్ముడు సచ్చిపోతే భియా రాకపాయె, పానం బాగలేదా అని జర పరేషాన్ అయితున్నది."

"పరీక్షలున్నయని చెప్పు" అన్నాడు లాజరు. బడి తెరిచి పట్టుమని పదిరోజులు కూడా కాలేదు. ఏ పరీక్షలు? గోప్యాకు తెలియకపోవచ్చు. లాజరుకు తెలుసు. తనకు జ్వరమొస్తే గంజి పోసిన మనిషి, తమ్ముణ్ని పోగొట్టుకుని, మళ్లీ తన ఒంట్లో ఎలా ఉందోనని బెంగపడుతోంది.

వానలు మొదలై, వాగులు వచ్చి, తగ్గాయి. అన్నమ్మ ఒకసారి ఒక్కతే తండాకు పోయి వచ్చింది. లాజరు భయంభయంగా వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"సెప్పినవా అవ్వా?"

"నేనెందుకు సెప్త? అది నీ నోట్లెకెంచి పోయిన మాట. నువ్వే సెప్పాలె." అన్నమ్మ పొయ్యి ఊదుతూనే అంది. "సెప్తే అది నీకు సెల్లె కాకుండ పోతది. సెప్పకుంటే నువ్వు దానికి అన్నవు కాకుండ పోతవ్. నీ ఇష్టం."

దసరా సెలవులకు లాజరు బయల్దేరాడు. చేతిలో బతాసాలు లేవు. కొనబోయి, ముఖం చెల్లక మానుకున్నాడు. బస్సు దిగి వాగు దాటుతుంటే మోకాలి లోతు నీళ్లు. ధన్‌సింగ్ ఎక్కడ పడ్డాడో అనే ఆలోచన వచ్చింది. దారి పొడవునా ఒక మాట కూర్చుకుంటూ వచ్చాడు. అది తండా చేరేసరికి చెదిరిపోయింది.

మోతీబాయి గుడిసె ముందు జొన్నలు చెరుగుతోంది. చిక్కి సగమైంది. లాజరును చూసి చేట కింద పెట్టేసింది. ఎప్పుడొచ్చినవని అడగలేదు. నేరుగా వచ్చి రెండు చేతులూ అతని మెడకు చుట్టి, నుదురు భుజానికి ఆనించి రాగం ఎత్తింది.

ఇన్ని నెలలు రానివాడు వచ్చాడు. అయినవాడు వచ్చాడు. ఆ ఏడుపు ఇప్పుడు తనకోసం. అతనికి అర్థం కావాలని ఆమె తన మాటల మధ్య తెలుగు కలిపి ఏడుస్తోంది.

"ఓ భియా... నువ్వు రాకపోతివి భియా... అడివిల కెంచి నా తమ్ముడొచ్చె... ఒళ్లంత కాలుకుంట వచ్చె... అక్కా అని నా ఒళ్లె తలవెట్టె... కడుపునిండ తినకపాయె భియా... కంటినిండ పండకపాయె... ఎవడు సెప్పెనో... ఏ నోరు సెప్పెనో... ఎవల నడగాలె భియా, నేను ఎవల నడగాలె..."

పక్క గుడిసెల ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్ల కళ్లూ తడిగా ఉన్నాయి. ఇలాంటప్పుడు వచ్చినవాడు తలమీద చెయ్యి వేసి ఊరుకో అంటాడు. ఏడ్చేమనిషి కళ్లు తుడుచుకుంటుంది. తర్వాత నీళ్లిస్తారు, రొట్టె పెడతారు. లాజరు చెయ్యి పైకి లేచింది కూడా. ఆమె తలమీద వేస్తే చాలు. ఊరుకో మోతీ అంటే చాలు. చెల్లెలు మిగిలేది, తారాకు మామ మిగిలేవాడు. తల్లి తప్ప ఈ లోకంలో ఎవరికీ తెలిసేది కాదు.

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"నేనే మోతీ."

ఆమె వినలేదు. రాగం సాగుతూనే ఉంది.

"మోతీ, నేనే సెప్పిన. మీరు ఏడుస్తున్నరని కోదాడల నలుగురి ముందట సెప్పిన. తండా యాడున్నదో నేనే సెప్పిన. మీ ఏడుపంటే ఏందో నాకు తెల్వదు. నిన్ను అడగలే."

రాగం సగంలో తెగిపోయింది. ఆమె చేతులు ఇంకా అతని మెడ మీదే ఉన్నాయి. ఆమె తల ఎత్తింది.

"ఎందుకు సెప్పినవ్?"

ఏ రాజు ఏ పని ఎందుకు చేశాడో చెప్పగలిగిన మనిషి లాజరు. దీనికి కూడా కారణం అతనికి తెలుసు. ఇంత చిన్న కారణం అతను చరిత్రలో ఎక్కడా చూడలేదు. నేల వైపు చూస్తూ చెప్పాడు.

"మెచ్చుకుంటరని."

మోతీబాయి చేతులు తీసేసింది. తిడుతుందనుకున్నాడు, మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాడు. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాడు. ఆమె అవేవీ చెయ్యలేదు. ఒక అడుగు వెనక్కి వేసి, తలమీది గుడ్డను మొహం నిండా కిందికి లాక్కుంది. వాగు నుంచి తారా నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని అప్పుడే వస్తోంది. మోతీబాయి ముసుగులోంచే పిలిచింది.

"తారా, బిందె దించు. సారుకు తోవ సూపెట్టి రా."

తారా బిందె దించి, లాజరును చూసి మొహమంతా నవ్వుగా దగ్గరికి పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకునే అటూ ఇటూ చూసింది.

"ఏ సారు యాడీ? గీడ మామ తప్ప ఎవలు లేరు గదా?"